త్రీ ఇన్వెస్టిగేటర్స్ పెద్దయ్యాక మళ్ళీ చదివినవాళ్ళు ఉన్నారా ఇక్కడ? (కథలు బయటపెడతాం, ముందే చెప్తున్నా)

ఆదివారం_అబిడ్స్:
అందరికీ నమస్తే. మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మా అమ్మాయికి గ్రామర్ పుస్తకం వెతుకుతుంటే ఆ గుట్ట అడుగున తాడు కట్టిన కట్ట ఒకటి కనపడింది, లాగి చూస్తే త్రీ ఇన్వెస్టిగేటర్స్, ఆరు పుస్తకాలు, ఆర్మడా పేపర్‌బ్యాక్‌లు. గ్రామర్ సంగతి అక్కడే మర్చిపోయా. మూడొందలన్నాడు, రెండొందల ఇరవైకి ఇచ్చాడు, నా మొహం చూసుంటే ఐదొందలు అడిగినా ఇచ్చేవాణ్ణని వాడికి తెలీదు పాపం.

తెలీనివాళ్ళకి: కాలిఫోర్నియాలో రాకీ బీచ్ అనే ఊరు (కల్పితం), అక్కడ ముగ్గురు కుర్రాళ్ళు. జూపిటర్ జోన్స్ బుర్ర, పీట్ క్రెన్‌షా కండ, బాబ్ ఆండ్రూస్ రికార్డులూ రీసెర్చూ. జూపిటర్ మావయ్య టైటస్‌ది పాత సామాన్ల యార్డు, ఆ తుక్కు కింద దాచిపెట్టిన పాత ట్రైలర్ వీళ్ళ ఆఫీసు. మొదటి పుస్తకం, టెర్రర్ కాసిల్ కథ, 1964లో వచ్చింది. మొత్తం 43.

ఆ టెర్రర్ కాసిల్ రెండు రాత్రుల్లో అయిపోయింది. చిన్నప్పుడు ఆ కోట సీన్లకి దుప్పటి ముసుగేసుకున్నవాణ్ణి. ఇప్పుడు భయం వెయ్యలేదు గానీ ఇంకోటేదో అయింది. అది తర్వాత రాస్తా, ముందు మీరు చెప్పండి.

గోదారిగట్టు:
అన్నా ఎక్కడికో తీసుకెళ్ళిపోయావ్. మా రాజమండ్రిలో మా వీధి చివర అద్దె లైబ్రరీ, పుస్తకానికి రోజుకి అర్ధరూపాయి, లేటైతే ఇంకో పావలా. ఈ సిరీస్‌వి నాలుగే ఉండేవి, నాలుగూ తిప్పి తిప్పి చదివా.

కానీ నాకో పాత బాకీ ఉంది. వాటిల్లో ఒకటి నత్తి చిలక కథ, స్టట్టరింగ్ పారట్. మా లైబ్రరీ కాపీకి చివరి పేజీలు లేవు. ఎవరు చించారో దేవుడికెరుక, ఓనర్ని అడిగితే "అద్దె సగమే ఇవ్వు" అన్నాడు అంతే. చిలకల మాటల్లో ఆచూకీ దాచిన ఖరీదైన పెయింటింగ్ కోసం వెతుకుతుంటారు. స్మశానంలో మంచు, ఓ పెట్టె బయటికి తీస్తారు, తెరిస్తే లోపల పెయింటింగ్ ఉండదు, ఓ కాయితం ఉంటుంది, నువ్వు ఆధారాలు సరిగ్గా చూళ్ళేదు మిత్రమా అన్న అర్థంలో. అక్కడితో నా పుస్తకం ఆఖరు. ముప్ఫై ఏళ్ళైంది. నేననుకున్నది ఏంటంటే అసలు కథే అంత, అందరూ మోసపోయారు, పెయింటింగ్ లేదు. ఎవరూ చెప్పకండి ప్లీజ్, నెట్‌లో కూడా వెతకలేదు ఇప్పటిదాకా.

ఆదివారం_అబిడ్స్:
@గోదారిగట్టు నా కట్టలో అది ఉంది 😄 నోరు కుట్టేసుకున్నా.

తెలుగుమీడియం:
నేను ఇవి చదవలేదండి, మాది పూర్తి తెలుగు మీడియం, మా ఊళ్ళో డిటెక్టివ్ అంటే యుగంధర్, అసిస్టెంట్ అంటే రాజు. కొమ్మూరి సాంబశివరావు గారి పుస్తకాలు మా బాబాయి పరుపు కింద దొరికేవి. కొంచెం మీసాలొచ్చాక మధుబాబు గారి షాడో. అవి లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి చదవడం, దొరికిపోవడం, వీపు విమానం మోత. పిల్లలే డిటెక్టివ్‌లుగా ఉండే పుస్తకాలు మాకు పెద్దగా దొరకలేదు అనిపిస్తుంది ఇప్పుడు, పెద్దోళ్ళ పుస్తకాలు దొంగతనంగా చదువుకోవడమే. ఈ థ్రెడ్ చదువుతుంటే కొంచెం కుళ్ళుగానే ఉంది.

ఆటోనగర్_పాతఇనుము:
నేను ఎప్పుడూ రాయను ఇక్కడ, చదువుతా అంతే. ఇది చూసి ఆగలేకపోయా.

మాది బెజవాడ ఆటోనగర్‌లో పాత ఇనప సామాన్ల షాపు, తాత పెట్టింది, నాన్న నడిపాడు, ఇప్పుడు నేనూ తమ్ముడూ. ఎనిమిదో తరగతిలో ఒక స్నేహితుడు ఈ పుస్తకం ఇచ్చి "రేయ్ మీ షాపు గురించి రాశార్రా" అన్నాడు. నిజంగా అలాగే అనిపించింది. అప్పటిదాకా స్కూల్లో ఎవడన్నా మీ నాన్న ఏం చేస్తాడ్రా అంటే "బిజినెస్" అని మాట తప్పించేవాణ్ణి. తుక్కు అనే మాట చెప్పాలంటే సిగ్గు. పుస్తకంలో ఆ తుక్కు కొట్టే హీరో ఇల్లు. మర్నాటి నుంచీ మాది సాల్వేజ్ యార్డు అని చెప్పుకుని తిరిగా.

వెనకాల పడున్న లారీ క్యాబిన్ ఒకటుండేది, ఇంజను లేదు, అద్దాలు లేవు. దాని ముందు డ్రమ్ములు అడ్డం పెట్టి కింద నుంచి పాక్కుంటూ వెళ్ళేలా చేశాం నేనూ తమ్ముడూ. వాళ్ళది టన్నెల్ టూ, పెద్ద మడతల పైపులోంచి మోకాళ్ళ మీద పాకి ట్రైలర్‌లోకి తేలతారు కదా, మాది డ్రమ్ము నంబర్ టూ. పదకొండు రోజులు నడిచింది మా ఆఫీసు. పన్నెండో రోజు స్కూలు నుంచి వచ్చేసరికి క్యాబిన్ లేదు. నాన్న తూకానికి వేసేశాడు. లోపల మా నోటుబుక్కు, చాక్‌పీసులు, అన్నీ పోయినయ్.

పెద్దయ్యాక మళ్ళీ చదివితే నాకు కేసులు ఎక్కట్లేదు అసలు, నేను చదివేది టైటస్ మావయ్యనీ మటిల్డా అత్తయ్యనీ. ఆయన లారీ వేసుకెళ్ళి ఎవడికీ అక్కర్లేనివి ముచ్చటపడి కొనుక్కొస్తాడు, ఆవిడ చూడగానే తిడుతుంది, చివరికి అవి అమ్మిపెట్టేదీ ఆవిడే. మా అమ్మా నాన్నే దించేశారు. లెక్కలన్నీ అమ్మ దగ్గరుండేవి. అప్పుడు మటిల్డా అంటే పిల్లల్ని పనికి పిలిచే రాక్షసి నాకు, ఇప్పుడు ఆ యార్డు నిలబడిందే ఆవిడ వల్ల అని తెలుస్తోంది.

సుధ_మియాపూర్:
ఆటోనగర్ గారూ, ఎప్పుడూ రాయనివాళ్ళు రాస్తే ఇలా ఉంటుంది. మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించా.

మటిల్డా మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఈ సిరీస్‌లో ఆడపిల్లలేరి బాబూ? నేనూ మా అక్కా కలిసి చదివేవాళ్ళం, ఆటాడుకునేటప్పుడు నేను జూపిటర్, అక్క పీట్, బాబ్‌గా ఉండటానికి పక్కింటి పిల్లకి రోజూ జామకాయ లంచం. అప్పుడు తేడానే తెలీలేదు. ఇప్పుడు చూస్తే ఇంట్లో అత్తయ్య, కథల్లో పాత్రగా వచ్చే సినిమా డైరెక్టర్ హిచ్‌కాక్ ఆఫీసులో సెక్రటరీ, అంతే. తర్వాత్తర్వాత ఎం.వి. కేరీ రాసినవాటిలో ఆలీ జేమిసన్ అనే పిల్ల వస్తుంది, గడసరి, ఎవరి మాటా వినదు, ఆ రెండు పుస్తకాలూ నాకు ప్రాణం. ఆ కేరీ ఆడమనిషని నాకు నలభయ్యో ఏట తెలిసింది. మేరీ వర్జీనియా కేరీ. పొడి అక్షరాలు వేసుకుంటే మగాడే అనుకున్నా, అదీ నా డిటెక్టివ్ తెలివి.

లాజిక్_లక్ష్మణ్:
పాత జ్ఞాపకాల మీద నీళ్ళు చల్లడానికి నేనొచ్చా. మళ్ళీ చదివితే ఇబ్బంది పెట్టేవి చాలా ఉన్నాయి. గ్రీన్ గోస్ట్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్, అందులో 107 ఏళ్ళ ముసలాయన, ముత్యాలు మింగి బతుకుతుంటాడు. పన్నెండేళ్ళప్పుడు ఒళ్ళు జలదరించింది, ఇప్పుడు సిగ్గేసింది. ఇక 1967లో వచ్చిన ఫైరీ ఐలో మనవాళ్ళే. ఇండియాలో ప్లెషివార్ అనే చోట న్యాయదేవాలయం, అక్కణ్ణుంచి పోయిన కెంపు, దానికోసం నుదుటి మీద మూడు చుక్కలున్న మనిషి కత్తి దాచిన కర్ర పట్టుకుని కాలిఫోర్నియాలో తిరుగుతుంటాడు. ప్లెషివార్ ఏ జిల్లాలో ఉందో మా సోషల్ మాస్టార్ని అడిగి తిట్లు తిన్నా నేను. పెషావర్‌ని గిర్రున తిప్పినట్టుంది పేరు.

పోనీ కథ చూద్దామంటే ప్లాస్టర్ బొమ్మలు ఒక్కోటీ పగలగొట్టుకుంటూ పోవడం, అది షెర్లాక్ హోమ్స్ ఆరు నెపోలియన్ల కథే.

ఆదివారం_అబిడ్స్:
లక్ష్మణ్, ఆ బొమ్మల సంగతి ఒప్పుకుంటా, కానీ దాచుకుని వాడుకోలేదు కదా, పాత్రలే హోమ్స్ పేరెత్తుతూ ఉంటారు. చుక్కల మనిషి దగ్గర మాత్రం నాకు ఇంకోలా అనిపించింది. ఆ కెంపు గుడిది. పట్టుకెళ్ళింది వేరేవాళ్ళు. తనది తను అడగడానికొచ్చినవాడు విలనెలా అయ్యాడు అని చిన్నప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు, రాకీ బీచ్ కుర్రాళ్ళ పక్కనే నిలబడి వాణ్ణి చూసి వణికా. కోహినూర్ మాదే అని స్కూల్లో వ్యాసం రాసింది కూడా నేనే ఆ ఏడాది.

లాజిక్_లక్ష్మణ్:
ఇదిగో ఇది పాయింటు. ఇలా చదివితే నాకేం గొడవ లేదు.

మ్యూనిక్_మావయ్య:
ఇక్కడ జర్మనీలో ఈ సిరీస్ గురించి చెప్తే మీరు నమ్మరు. అమెరికాలో అసలు సిరీస్ 1987లో ఆగిపోయింది, అక్కడివాళ్ళకి చాలామందికి పేరు కూడా తెలీదు. ఇక్కడ ఇంకా కొత్త పుస్తకాలు వస్తూనే ఉన్నాయి, జర్మన్ రచయితలే రాస్తున్నారు. పేరు "డీ డ్రై ఫ్రాగెట్సైహెన్", అంటే మూడు ప్రశ్నార్థకాలు. జూపిటర్ పేరు ఇక్కడ యుస్టుస్ యోనాస్, పీట్ ఇంటిపేరు షా.

అసలు విశేషం ఆడియో నాటకాలు. 1979లో క్యాసెట్లుగా మొదలయ్యాయి, అప్పుడు ముగ్గురు చిన్న కుర్రాళ్ళు గొంతులిచ్చారు, ఇప్పటికీ ఆ ముగ్గురే ఇస్తున్నారు! తాతల వయసొచ్చింది, ఇంకా రాకీ బీచ్ కుర్రాళ్ళే. పెద్ద పెద్ద హాళ్ళలో స్టేజీ మీద కూర్చుని చదువుతారు, జనం టికెట్ కొనుక్కుని వెళ్తారు. మా ఆఫీసులో నా టీమ్ లీడ్, యాభై దాటినాయన, రాత్రి నిద్ర పట్టకపోతే అవి పెట్టుకుని పడుకుంటాడట. చేరిన కొత్తలో ఆయనతో మాట్లాడాలంటే నాకు చచ్చే భయం, నా జర్మన్ అంతంతమాత్రం. ఓ రోజు క్యాంటీన్‌లో ఆయన కప్పు మీద మూడు ప్రశ్నార్థకాలు చూసి, తెలుపు జూపిటర్, నీలం పీట్, ఆకుపచ్చ బాబ్, వాళ్ళు గుర్తుగా ప్రశ్నార్థకాలు గీసే చాక్‌పీసుల రంగులు చెప్పా. అంతే, ఆ పూట మధ్యాహ్నం మీటింగు పోయింది.

సుధ_మియాపూర్:
మరి హిచ్‌కాక్ గారు నిజంగా రాశారా ఇవి? మా ఇంట్లో ఇప్పటికీ దీని మీద గొడవ. అట్ట మీద పేరు ఆయనదే కదా అంటుంది అక్క.

ఆదివారం_అబిడ్స్:
లేదు మేడమ్. పేరు వాడుకోవడానికి ఒప్పందం అంతే. సృష్టికర్త రాబర్ట్ ఆర్థర్ అనే ఆయన, రేడియో నాటకాలు రాసేవాడు, హిచ్‌కాక్ పేరు మీద వచ్చిన కథల సంకలనాలు తెర వెనకాల ఎడిట్ చేసిందీ ఆయనే. ముందుమాటలు కూడా హిచ్‌కాక్ గొంతు అనుకరించి రాసినవే. ఆర్థర్ పది పుస్తకాలు రాసి 1969లో పోయాడు, తర్వాత విలియమ్ ఆర్డెన్, కేరీ, ఇంకొందరు. 1980లో హిచ్‌కాక్ పోయాక ఆయన స్థానంలో హెక్టర్ సెబాస్టియన్ అని ఒక కల్పిత రచయితని పెట్టారు. నాకు నచ్చలేదు, సీరియల్లో హీరోయిన్ని మార్చి "ఇకనుంచి ఈవిడే" అని వేసినట్టుంటుంది.

లాజిక్_లక్ష్మణ్:
ఆర్థర్‌వి చదివాక మిగతావి చదివితే ఉప్పు తగ్గిన పప్పు. కేరీని పక్కన పెడితే.

సుధ_మియాపూర్:
ఆ "పక్కన పెడితే" రాసినందుకు బతికిపోయారు మీరు.

తెలుగుమీడియం:
పుస్తకం చదవకపోయినా థ్రెడ్ మొత్తం చదివేశా, ఇక ఒకటి కొనుక్కుంటా. మొదట ఏది చదవాలి? రోల్స్‌రాయిస్ అని ఎవరో అన్నట్టు గుర్తు, పిల్లలకి రోల్స్‌రాయిస్ ఎక్కడిది?

గోదారిగట్టు:
ఎవరూ అనలేదు తమ్ముడూ ఇంకా, కానీ అడిగావ్ కాబట్టి, అద్దె కార్ల కంపెనీవాళ్ళు పోటీ పెడతారు, జాడీలో గింజలెన్నో చెప్పమని. జూపిటర్ లెక్కగట్టి గెలుస్తాడు, ముప్ఫై రోజులు డ్రైవర్‌తో సహా రోల్స్‌రాయిస్ ఫ్రీ, దాని ఫిట్టింగులన్నీ బంగారు పూతవి. డ్రైవర్ వర్దింగ్టన్ ఆరడుగుల పెద్దమనిషి, ఈ పిల్లల్ని "మాస్టర్ జోన్స్" అంటాడు. మా నాన్న స్కూటర్ మీద ముందు నిలబడి వెళ్ళేవాణ్ణి నేను అది చదివే రోజుల్లో.

ఇంకోటి, గోస్ట్ టు గోస్ట్ హుకప్. ఏదన్నా కారో మనిషో దొరకాలంటే ముగ్గురూ తలా ఐదుగురికి ఫోన్ చేస్తారు, ఆ ఐదుగురూ తలా ఐదుగురికి, అలా ఊరు ఊరంతా పిల్లలు వెతికేస్తారు. మూడు, పదిహేను, డెబ్భై ఐదు, మూడొందల డెబ్భై ఐదు. వీధి మొత్తానికి ఒకటే ఫోన్ ఉండే మాలాంటివాళ్ళకి అది రోల్స్‌రాయిస్ కంటే పెద్ద కల. ఇప్పుడదే లెక్క చేతిలో ఉంది, దాంతో మనం చేసేది పొద్దున్నే పూల బొమ్మ మీద శుభోదయం పంపించడం.

ఆటోనగర్_పాతఇనుము:
నాకు మాత్రం రెడ్ గేట్ రోవర్. యార్డు వెనక కంచె మీద 1906 శాన్‌ఫ్రాన్సిస్కో అగ్నిప్రమాదం బొమ్మ వేసి ఉంటుంది, మంటల దగ్గర చిన్న కుక్క కూర్చుని చూస్తుంటుంది, దాని పేరు రోవర్. కుక్క కన్ను నిజానికి చెక్కలో ముడి. అది ఊడదీసి వేలు లోపల పెట్టి గడియ లాగితే చెక్కలు తెరుచుకుంటాయ్. మా షాపు వెనక గోడకి రేకులు, కుక్క బొమ్మ వేశాం గానీ కన్ను దగ్గర కన్నం పెట్టినందుకు వానాకాలం నీళ్ళన్నీ లోపలికి. తమ్ముడు ఇప్పటికీ ఆ రేకు మార్చనివ్వడు, బొమ్మ పోయింది, కన్నం ఉంది.

సుధ_మియాపూర్:
అబిడ్స్ గారూ, "ఇంకోటేదో అయింది" అని మొదట్లో ఊరించి వదిలేశారు. చెప్పండి.

ఆదివారం_అబిడ్స్:
చెప్తా. తెలుగుమీడియం గారూ మీరు టెర్రర్ కాసిల్ చదవాలనుకుంటే ఇది దాటేయండి.

ఆ కోట స్టీఫెన్ టెరిల్ అనే నటుడిది. మూకీల రోజుల్లో భయపెట్టే వేషాలకి పెద్ద పేరు. టాకీలొచ్చాయి. తెర మీద అంత భీకరంగా ఉండే మనిషి నోరు విప్పితే సన్నటి పీల గొంతు, పైగా మాట సరిగ్గా పలకదు. హాల్లో జనం పగలబడి నవ్వారు. ఆయన ఇంట్లో తలుపేసుకున్నాడు. అప్పులు, బ్యాంకువాళ్ళు కోట జప్తు చేస్తామన్నారు. కారు కొండమీంచి పడి చచ్చిపోయినట్టు నమ్మించి, దాన్ని దెయ్యాల కోట చేసి, ఎవరూ కొనకుండా ఏళ్ళ తరబడి కాపాడుకున్నాడు. దెయ్యం అంటే అదన్నమాట, ఇల్లు పోగొట్టుకోలేని ఒక ముసలి నటుడు.

పన్నెండేళ్ళప్పుడు ఆ చివరి చాప్టర్ గబగబా తిప్పేశా, దెయ్యం నిజం కాదని తేలాక ఇంకేముంది అని. ఇప్పుడు అది రెండుసార్లు చదివా. హోమ్ లోన్ కట్టేవాడికి ఆ చాప్టరే భయం పుట్టిస్తుంది. మా అమ్మాయికి చదివి వినిపిస్తే "డబ్బింగ్ చెప్పించుకోవచ్చు కదా" అంది. నిజమే, మన దగ్గరైతే ఆయనకి ఏ ఇబ్బందీ లేదు, గొంతు ఇంకోళ్ళు ఇచ్చేవాళ్ళు, నిక్షేపంగా ఇంకో ముప్ఫై సినిమాలు.

మ్యూనిక్_మావయ్య:
మీ అమ్మాయికి వంద మార్కులు.

లాజిక్_లక్ష్మణ్:
నత్తి చిలకలో కూడా ఇలాంటిదే ఉంది, ఎవరూ అనలేదు. పిట్టల్ని పెంచి మాటలు నేర్పినాయన చదువుకున్న ఆంగ్లేయుడు, చేతిలో దమ్మిడీ లేదు, జబ్బు. మెక్సికో నుంచొచ్చిన రామోస్ అనే ఇంకో జబ్బు మనిషి, ఆయన దగ్గర మేనల్లుడు కార్లోస్, గాడిద బండి, వాళ్ళదే పూరిగుడిసె, అయినా ఈయనకి చోటిచ్చారు. ఏడు పిట్టలు, ఆరు చిలకలు ఒక గోరింక. చిన్నప్పుడు నాకు పిట్టలే కనపడ్డాయి.

తెలుగుమీడియం:
చిలకకి నత్తేంటండీ?

లాజిక్_లక్ష్మణ్:
అదే జూపిటర్ మొదటి పట్టు. చిలక తనంతట నత్తిగా మాట్లాడదు, నేర్పిందే పలుకుతుంది, అంటే ఎవరో కావాలనే నత్తి నేర్పారు. ఎందుకు? షేక్స్‌పియర్ అనే చిలక "టు టు టు బీ" అంటుంది. అది మాట కాదు, అంకెలు. రెండు రెండు రెండు, బి. ఇంటి నంబరు. తెలుగులో దీన్ని ఎలా దించుతారో నాకైతే తెలీదు, చిలక జోస్యం చెప్పినా దొరకదు.

ఆటోనగర్_పాతఇనుము:
@గోదారిగట్టు అన్నా, చివర ఏమైందో చెప్పను. కానీ ఒక్క మాట, మా వ్యాపారం మాట. మా దగ్గరికి ఇనుము అమ్మడానికొచ్చేవాళ్ళు విలువైనదాన్ని గట్టిగా పట్టుకొస్తారు, మిగతాది కాళ్ళ దగ్గర పడేస్తారు. నాన్న ముందు కాళ్ళ దగ్గరున్నది చూసేవాడు. నీ దగ్గర పోయినవి చివరి పేజీలే కదా, ముందువి చదివావ్ కదా. స్మశానం సీన్‌లో పీట్ చేతిలో ఏముందో గుర్తుందా?

గోదారిగట్టు:
పీట్ చేతిలో… ఏదో పట్టుకుని ఉంటాడు, కొట్టడానికి. కర్రా? పైపా? ఇనప పైపు! అక్కడే పడుంటే తీసుకుంటాడు.

ఆగండాగండి.

ఆదివారం_అబిడ్స్:
😶

గోదారిగట్టు:
రెండు చివర్లూ మూతలేసిన పైపు.

రేయ్. ముప్ఫై ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళు నా దగ్గరే ఉందిరా అది.

ఆటోనగర్_పాతఇనుము:
తుక్కు కింద రాసుకున్నావ్ అన్నా 😀

గోదారిగట్టు:
కరెక్టో కాదో మీరెవరూ చెప్పొద్దు. అబిడ్స్ అన్నా, ఆ పుస్తకం నాకు పోస్ట్ చెయ్యగలవా, చదివి తిరిగి పంపిస్తా, ఖర్చు నాది. అడ్రస్ మెసేజ్‌లో పెడతా.

ఆదివారం_అబిడ్స్:
రేపే వేస్తా. రోజుకి అర్ధరూపాయి, లేటైతే పావలా. పంపేముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో లెక్క చూసుకున్నా, ఉన్నాయి.